చెస్కీ క్రుమ్లోవ్ కోట పట్టణం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెక్ దేశంలో, దక్షిణ బొహీమియాలో, వ్లతవా నది మెలికలు తిరిగిన చోట ఉన్న చిన్న ఊరు చెస్కీ క్రుమ్లోవ్. జనాభా సుమారు 13,000. ప్రాగ్ చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడికీ ఒక పూట వచ్చి వెళ్తున్నారు. వెళ్లేముందు అడిగే సందేహాలూ, వెళ్లొచ్చాక అడిగేవీ దాదాపు ఒకటే కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి.

## బయలుదేరే ముందు

ప్రాగ్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా?

వచ్చేయొచ్చు, కానీ ఒక రాత్రి ఉండమనే చెబుతాం. ప్రాగ్ నుంచి దూరం దాదాపు 170 కిలోమీటర్లు. బస్సులో వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు పోతాయి. ఊళ్లో మీకు మిగిలేది ఐదారు గంటలే. పైగా అవి టూరిస్టు బస్సులన్నీ వచ్చిపడే వేళలు, సరిగ్గా పదకొండు నుంచి నాలుగు దాకా. సాయంత్రం ఆ బస్సులు వెళ్లిపోయాక సందులు ఖాళీ అవుతాయి. నిలబడి ఇంటి గోడల మీది బొమ్మలు చూసే వీలు అప్పుడే దొరుకుతుంది. ఒక్కరోజే కుదిరితే పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోండి.

బస్సా, రైలా? ఎక్కడ దిగాలి?

బస్సే నయం. ప్రాగ్‌లో చాలా బస్సులు అండెల్ మెట్రో పక్కనున్న నా క్నీజెత్సీ స్టేషన్ నుంచి బయలుదేరతాయి. ప్రాగ్‌లో వేరే బస్ స్టేషన్లు కూడా ఉన్నాయి కనుక టికెట్ మీద ఉన్న పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, బస్సు తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే. క్రుమ్లోవ్‌లో ష్పిచాక్ స్టాపులో ఆగే బస్సయితే అక్కడే దిగండి. పాత నగర ద్వారం, కోట అక్కడికి దగ్గర. ప్రధాన బస్ స్టేషన్ నుంచి ఊరి మధ్యనున్న చౌరస్తాకు పది నిమిషాల నడక.

రైలుకైతే చాలావరకు చెస్కే బుడేయోవిట్సేలో మారాలి. అక్కడి నుంచి క్రుమ్లోవ్ 25 కిలోమీటర్లు. రైలు స్టేషన్ ఊరికి పైన గుట్ట మీద ఉంది. దిగేటప్పుడు ఇరవై నిమిషాలు పడుతుంది, తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కుడు కాబట్టి ఇంకాస్త సమయం చేతిలో ఉంచుకోండి. పాత ఊళ్లో వీధులన్నీ రాళ్లు పరిచినవి. చక్రాల సూట్‌కేసు, పిల్లల బండి లాగడం కష్టం. బయటివాళ్ల కార్లను లోపలికి రానివ్వరు, ఊరి అంచున ఉన్న పార్కింగుల్లో పెట్టి నడవాలి.

ప్రాగ్, క్రుమ్లోవ్, వియన్నా మూడూ చూడాలి. వీసా ఏ దేశానికి పెట్టాలి?

చెక్ దేశం, ఆస్ట్రియా రెండూ షెంగెన్‌లోనే ఉన్నాయి, ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రెండు చోట్లా సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. క్రుమ్లోవ్‌లో గడిపే రాత్రి చెక్ లెక్కలోకి వస్తుంది. ఆ ఒక్క రాత్రితో లెక్క మారిపోయే సందర్భాలుంటాయి కాబట్టి హోటళ్లు ఖాయం చేసుకున్నాకే దరఖాస్తు నింపండి. చెక్ దేశంలో చెల్లేది కొరూనా, యూరో కాదు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మే, సెప్టెంబర్. కోట లోపలి గదులు, నాటకశాల, తోట మూడూ తెరిచే ఉంటాయి, జూలై ఆగస్టుల్లో ఉన్నంత రద్దీ ఉండదు. జూన్‌లో ఐదు రేకుల గులాబీ ఉత్సవం జరుగుతుంది. ఊరంతా పాతకాలపు వేషాలు, ఊరేగింపు, సంత. చూడదగ్గదే, కానీ ఆ రోజుల్లో గదులకు చాలా ముందుగా చూసుకోవాలి. చలికాలంలో మంచు పడ్డ కప్పులు అందంగా ఉంటాయి గానీ తోట మూసేస్తారు, కోట లోపలి గదులు చాలావరకు చూపించరు. ఏ కాలంలో వెళ్లినా సోమవారం పెట్టుకోకండి, కోట లోపలి గదులు, నాటకశాల ఆ రోజు సెలవు.

## ఊరి చరిత్ర

ఈ కోట ఏ రాజు కట్టించాడు?

రాజు కాదు, ప్రభువులు. విట్కోవ్‌ట్సీ అనే బొహీమియా ప్రభువుల వంశం నది పైనున్న బండ మీద కట్టింది. రాతల్లో దీని పేరు మొదట కనిపించేది 1253లో. ఆ శాఖకు వారసులు లేక 1302లో కోట వాళ్ల బంధువులైన రోజ్మ్‌బెర్క్ వంశానికి వెళ్లింది. మూడు వందల ఏళ్లు వాళ్లదే. తర్వాత కొద్దికాలం ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తి చేతిలో ఉంది. 1622లో రెండో ఫెర్డినాండ్ చక్రవర్తి దాన్ని ఎగెన్‌బెర్గ్ కుటుంబానికి ఇచ్చాడు. వాళ్లకూ వంశం నిలవక 1719లో ష్వార్జెన్‌బెర్గ్‌లకు చేరింది. 1940లో నాజీలు దాన్ని లాక్కున్నారు, యుద్ధం ముగిశాక 1947లో ప్రత్యేక చట్టం ద్వారా ప్రభుత్వపరం అయింది.

యజమానులు మారినా, ముందటి వాళ్లు కట్టినదాన్ని కూలగొట్టకుండా దానికి తమది చేర్చుకుంటూ పోవడమే ఈ కోటలో విశేషం. అందుకే ఒక ప్రాంగణం నుంచి ఇంకో ప్రాంగణంలోకి వెళ్తుంటే శతాబ్దాలు మారతాయి.

ఎక్కడ చూసినా ఐదు రేకుల గులాబీ కనిపిస్తుంది. అదేంటి?

రోజ్మ్‌బెర్క్ వంశ చిహ్నం. వాళ్లది వెండి నేల మీద ఎర్ర గులాబీ. విట్కోవ్‌ట్సీ శాఖలన్నిటికీ గుర్తు గులాబీయే, రంగులు మాత్రం వేరు.

అంత గొప్ప రోజ్మ్‌బెర్క్ వంశం కోటను ఎందుకు అమ్ముకుంది?

అప్పులు. రోజ్మ్‌బెర్క్‌ల సంపదకు ఆధారం చేపల చెరువులు, బీరు, గొర్రెలు, వెండి గనులు. 1535 నుంచి 1592 వరకు బతికిన విలేమ్ కాలంలో వాళ్ల వైభవం పతాక స్థాయిలో ఉంది. కోటను ఇటలీ పద్ధతిలో తిరగ కట్టించినవాడూ, కోట కింది లాత్రాన్ పేటనూ నది మెలికలోని ఊరినీ 1555లో ఒకే పట్టణంగా కలిపినవాడూ ఆయనే. ప్రాగ్‌లో పెద్ద పదవి, రాయబారాలు, నాలుగు పెళ్లిళ్లు, కట్టడాలు: ఖర్చు ఆదాయాన్ని మించిపోయింది. పిల్లలు లేరు. తమ్ముడు పెట్ర్ వోక్‌కు ఆస్తితోపాటు అప్పులూ వచ్చాయి. ఆయన 1601-02లో క్రుమ్లోవ్‌ను రెండో రుడాల్ఫ్ చక్రవర్తికి అమ్మి త్రెబోన్‌కు వెళ్లిపోయాడు. 1611లో ఆయనతోనే వంశం ఆగిపోయింది.

చక్రవర్తి కొడుకు ఇక్కడ హత్య చేశాడంటారు. కథేనా?

కథ కాదు, జరిగింది. రుడాల్ఫ్‌కు వివాహేతర సంబంధంలో పుట్టిన పెద్ద కొడుకు డాన్ జూలియస్‌ను ఈ కోటలో ఉంచారు. అతనికి మతి స్థిమితం లేదు. ఊళ్లోని ఒక మంగలి కూతురు మర్కేతా పిహ్లెరోవాను 1608 ఫిబ్రవరిలో అతి క్రూరంగా చంపాడు. అంతకుముందే ఒకసారి ఆమెను కిటికీలోంచి కిందకు తోసినా బతికి బయటపడింది, ఇంటికి చేరింది. అతని ఒత్తిడికి మళ్లీ కోటకు పంపాల్సి వచ్చింది. చక్రవర్తి కొడుకును కాదనే బలం ఆ కుటుంబానికి లేకపోయింది. ఆ తర్వాత అతన్ని గదిలో బంధించారు, 1609లో చనిపోయాడు. దీన్ని గైడ్లు దెయ్యం కథలా చెప్పేస్తుంటారు. ఒక అమ్మాయి ప్రాణం పోయిన సంగతిగానే వినండి.

యూరప్‌లో ఎన్నో ఊళ్లు యుద్ధాల్లో నాశనమయ్యాయి కదా, ఇది ఇంత చక్కగా ఎలా మిగిలింది?

యుద్ధంలో బాంబులు పడకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, చాలా ఏళ్లపాటు ఈ ఊరిని ఎవరూ పట్టించుకోకపోవడం. ష్వార్జెన్‌బెర్గ్‌లు 19వ శతాబ్దంలో మకాం హ్లుబోకా కోటకు మార్చారు. డబ్బంతా అక్కడ కుమ్మరించి దాన్ని ఇంగ్లండ్ కోటల తరహాలో తిరగ కట్టారు. క్రుమ్లోవ్ కోట అలాగే ఉండిపోయింది. రైలు 1890ల ప్రారంభంలో గానీ రాలేదు, అదీ ఊరి మధ్యకు కాకుండా గుట్ట మీదకు. పెద్ద కాగితం మిల్లు నది ఎగువన వెత్ర్‌జ్ఞీలో పెరిగింది. దాంతో పాత ఇళ్లు పడగొట్టి వెడల్పాటి రోడ్లు వేయాల్సిన అవసరం రాలేదు, వేసే స్తోమతా లేదు. 15, 16 శతాబ్దాల వీధులు, ఇళ్ల హద్దులు చెక్కుచెదరలేదు.

ఇదంతా కాపాడుకోవడం వల్ల జరిగింది అనుకోవద్దు. 1945 తర్వాత ఇళ్లు ఖాళీ అయి, కప్పులు కారి, గోడలు పెచ్చులూడి, కొన్ని సందులు నడవడానికే భయపడేలా తయారయ్యాయి. 1963లో రక్షిత ప్రాంతంగా ప్రకటించినా డబ్బు చాలలేదు. ఇప్పుడు మీకు కనిపించే రంగులు, నున్నటి గోడలు ఎక్కువగా 1989లో కమ్యూనిస్టు పాలన పోయాక చేసిన మరమ్మతుల ఫలితం. యునెస్కో గుర్తింపు 1992లో వచ్చింది.

ఊరి పాత ఫొటోల్లో అంతా జర్మన్ బోర్డులే ఉన్నాయి. ఆ జనం ఏమయ్యారు?

ఇక్కడివాళ్లలో ఎక్కువమంది జర్మన్ మాట్లాడేవారు. ఊరిని క్రుమౌ అనేవారు. 1938 మ్యూనిక్ ఒప్పందంతో ఊరు హిట్లర్ జర్మనీలో కలిసింది. 1945 మేలో అమెరికా సైన్యం వచ్చింది. ఆ తర్వాత 1945-46లో జర్మన్ కుటుంబాలను దేశం నుంచి పంపేశారు. ఖాళీ ఇళ్లలో చెక్‌లు, స్లొవాక్‌లు, రోమా (జిప్సీ) కుటుంబాలు వచ్చి చేరారు. అంటే ఊరు పాతదే, ఊరివాళ్లు చాలావరకు కొత్త. యూదుల గతి మరీ ఘోరం. 1909లో కట్టిన వాళ్ల ప్రార్థనా మందిరం మాత్రం నిలిచింది, బాగుచేశాక అందరికీ తెరిచారు. జోసెఫ్ సైడెల్ ఫొటో స్టూడియో ఇప్పుడు మ్యూజియం. పాత జనం ముఖాలు చూడాలనుకుంటే అక్కడికి వెళ్లండి. ఊరికొచ్చే వాళ్లలో చాలామంది దీన్ని వదిలేస్తారు, వదలకూడనిది ఇదే.

## కోటలో

టికెట్ లేకుండా ఎంతవరకు చూడొచ్చు?

చాలా. ప్రాంగణాలు ఐదూ, వంతెన, అక్కడి నుంచి ఊరి దృశ్యం, ఎలుగుబంట్ల కందకం, తెరిచి ఉన్న నెలల్లో తోట, అన్నీ ఉచితం. తోట సుమారు 11 హెక్టార్లు, పైన చెరువు దాకా నడిస్తే గంట పడుతుంది. చెక్ దేశంలో ప్రాగ్ కోట తర్వాత పెద్ద కోట సముదాయం ఇదే. నలభై దాకా కట్టడాలున్నాయి.

డబ్బు పెట్టి ఒక్కటే చూడాలంటే ఏ టికెట్ తీసుకోవాలి?

నాటకశాల దొరికితే అదే. దొరక్కపోతే మొదటి మార్గం, అంటే గైడ్ వెంట కోట గదులు చూసే రెండు దారుల్లో ఒకటి. అందులో రోజ్మ్‌బెర్క్ కాలపు గదులు, 1638లో రోమ్‌లో పోపు దర్శనం కోసం చేయించిన ఎగెన్‌బెర్గ్‌ల బంగారు బండి, చివర్లో మారువేషాల హాలు ఉంటాయి. ఆ హాలు గోడలన్నీ 1748లో జోసెఫ్ లెదరర్ చిత్రించాడు. బాల్కనీల్లోంచి తొంగిచూసేవాళ్లు, ముసుగులు వేసుకున్నవాళ్లు, అద్దంలో కనిపించే వీపులు. ఒక మూల కాఫీ తాగుతున్న మనిషిగా తన బొమ్మా వేసుకున్నాడు, వెతికి చూడండి. రెండో మార్గం ష్వార్జెన్‌బెర్గ్‌ల 19వ శతాబ్దపు గదులు. ఇలాంటివి యూరప్ కోటల్లో ఇంకా చాలా చోట్ల కనబడతాయి. రంగులు వేసిన గుండ్రటి బురుజుకు 162 మెట్లు. టికెట్ విడిగా, గైడ్ అక్కర్లేదు, పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఒక పాత నాటకశాలకు అంత పేరెందుకు?

ఎందుకంటే 18వ శతాబ్దపు రంగస్థలం యంత్రాలతో సహా మిగిలిన చోట్లు ప్రపంచంలో చాలా కొద్ది. స్వీడన్‌లోని డ్రాట్నింగ్‌హోమ్ ఒకటి, ఇది ఇంకొకటి. ఇక్కడ నాటకశాల భవనాన్ని ఎగెన్‌బెర్గ్‌లు 1680ల ప్రారంభంలో కట్టించారు. ఇప్పుడున్న రూపం జోసెఫ్ ఆడమ్ ష్వార్జెన్‌బెర్గ్ 1765-66లో చేయించినది. భవనంతోపాటు రంగులు వేసిన తెరలు, దుస్తులు, సామాన్లు, దీపాలు, రాతప్రతులు కూడా నిలవడం మరీ అపురూపం.

పని చేసే తీరు ఇది. వేదికకు రెండు పక్కలా ఒకదాని వెనక ఒకటి దృశ్యాలు చిత్రించిన చెక్క చట్రాలు నిలబడి ఉంటాయి. వాటి కాళ్లు వేదిక పలకల్లోని చీలికల గుండా కిందికి దిగి, నేలమాళిగలో చిన్న చక్రాల బళ్ల మీద ఆనుతాయి. ఆ బళ్లన్నిటికీ తాళ్లు కట్టి ఒకే పెద్ద ఇరుసుకు చుట్టారు. కింద మనుషులు ఇరుసు తిప్పితే ఒక జత చట్రాలు వెనక్కి, ఇంకో జత ముందుకు ఒకేసారి జరుగుతాయి. అడవి ఉన్న చోట కొన్ని క్షణాల్లో రాజభవనం వస్తుంది. మధ్యలో ముందు తెర దించాల్సిన పనే లేదు, ఆ మార్పు చూపించడమే వాళ్లకు ముఖ్యం. సురభి నాటకాల్లో కళ్లెదుటే దృశ్యం మారిపోవడం చూసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. గాలి, వాన, ఉరుము చప్పుళ్లకు వేరే చెక్క యంత్రాలున్నాయి.

ష్వార్జెన్‌బెర్గ్ కుటుంబం హ్లుబోకాకు మకాం మార్చడంతో ఎవరూ ఇందులోకి గ్యాసు దీపాలు, కొత్త వేదిక తేలేదు. అది మేలే అయింది. పాత చెక్క, నార గుడ్డ, తాళ్లు, కొవ్వొత్తులు ఒకచోట ఉంటే నిప్పు భయం ఎంతో చెప్పక్కర్లేదు. 1966లో మూసేసి, ఏళ్లతరబడి బాగుచేసి, 1997లో సందర్శకులకు తెరిచారు. ఇప్పటికీ ప్రదర్శనలు చాలా అరుదు. చూడ్డానికి కూడా గైడ్‌తోనే, చిన్న గుంపులుగా, చలి లేని నెలల్లోనే పంపుతారు. జనం ఊపిరి తేమకు రంగులు ఉబ్బుతాయి, అందుకే ఆ పరిమితి. టికెట్లు ముందుగా అయిపోతాయి. ఊరికి చేరాక కొందామనుకున్నవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. తేదీ ఖాయం కాగానే కోట వెబ్‌సైట్‌లో తీసుకోండి.

కోట గోడల మీది చెక్కిన రాళ్లు, విగ్రహాలు నిజమైనవేనా?

కాదు, చాలావరకు గోడ మీద వేసిన బొమ్మలే. మామూలు రాతి గోడ మీద గచ్చు పూసి, చెక్కిన రాయిలా భ్రమ కలిగించారు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది తడి గచ్చు మీద రంగులతో వేసినవి. మూడో ప్రాంగణంలో గూళ్లలో నిలబడినట్టున్న దేవతలు అలాంటివి.

రెండోది గీసి తీసేది, దాన్ని స్గ్రాఫితో అంటారు. ముందు ముతక ఇసుక, సున్నం, కాస్త బొగ్గుపొడి కలిపిన ముదురు గచ్చు పూస్తారు. అది పూర్తిగా ఆరకముందే పైన పలచని తెల్ల సున్నం పొర వేస్తారు. ఆ పొర పచ్చిగా ఉండగానే ఇనుప మొనతో గీకితే కింది ముదురు రంగు బయటపడుతుంది. ఒక్క రోజులో గీయగలిగినంత మేరే పొర వేయాలి. ఆరిపోతే గీత అంచులు పెళుసుగా విరుగుతాయి. అలా ఏ రోజుకారోజు ఆపిన అతుకులు పక్కవెలుతురులో ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తాయి. సాయంత్రం వెలుగు ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. వీటికి అతి పెద్ద శత్రువు సిమెంటు. 20వ శతాబ్దంలో కొన్నిచోట్ల సిమెంటుతో అతుకులు వేశారు. అది తేమను బయటికి వదలదు, దాంతో పక్కనున్న పాత గచ్చు ఉప్పు పట్టి రాలిపోతుంది.

కందకంలో ఎలుగుబంట్లు ఎందుకు? పాపం కదా?

ఇక్కడ ఎలుగుబంట్లను పెంచుతున్నట్టు 1707 నుంచి దాఖలాలు ఉన్నాయి, మధ్యలో ఖాళీలున్నా 19వ శతాబ్దం నుంచి ఆనవాయితీగా సాగుతోంది. రోజ్మ్‌బెర్క్‌లు తమకు ఇటలీలోని ఓర్సీనీ వంశంతో చుట్టరికం కలుపుకున్నారు. ఆ వంశం గుర్తు ఎలుగుబంటి. చుట్టరికానికి ఆధారం లేదు. ఈ రోజుల్లో ఇది కొనసాగాలా అని చెక్‌లోనే చర్చ ఉంది. జంతువుల కోసం చూస్తే కందకం ఇరుకే, ఆపేస్తేనే మంచిదని మా అభిప్రాయం. వెళ్లినవాళ్లు తిండి మాత్రం విసరకండి, వాటికి జబ్బు చేస్తుంది.

అంతస్తులున్న ఆ వంతెన దేనికి?

కోటకీ నాటకశాలకీ తోటకీ మధ్య లోయ ఉంది. ఎత్తైన రాతి కమానుల మీద మూడు అంతస్తుల మూసిన దారులు వేశారు. కింది దారి మారువేషాల హాలు నుంచి నాటకశాలకు, పై దారి చిత్రపటాల గదుల నుంచి తోటకు వెళ్తుంది. వానకు తడవకుండా, ఊరివాళ్ల కంట పడకుండా కుటుంబం అటూ ఇటూ తిరిగేది.

## ఊళ్లో

కోట కాకుండా ఊళ్లో తప్పక చూడాల్సినవి?

మంగలి వంతెన దాటి లోపలి ఊళ్లోకి వెళ్తే స్వోర్నోస్తి చౌరస్తా వస్తుంది. మధ్యలో ప్లేగు మహమ్మారి గుర్తుగా నిలిపిన ప్లేగు స్తంభం. అక్కడి నుంచి 15వ శతాబ్దపు వీటస్ చర్చికి రెండు నిమిషాలు. ఉత్తరపు వైపు బుడేయోవిట్సే ద్వారం 1598-1602 మధ్య కట్టినది, ఊరి పాత నగర ద్వారాల్లో మిగిలింది అదొక్కటే. 1350ల నాటి మఠాలు లాత్రాన్ పక్కనే ఉంటాయి, జనం తక్కువ.

ఎగోన్ షీలేకు ఈ ఊరితో ఏం సంబంధం?

ఆ ఆస్ట్రియా చిత్రకారుడి తల్లిది ఈ ఊరే. 1911లో వాలీ నొయిజిల్‌తో కలిసి ఇక్కడ కాపురం పెట్టాడు. పెళ్లి కాకుండా కలిసి ఉండటం, నగ్న చిత్రాలకు అమ్మాయిలను కూర్చోబెట్టడం ఊరివాళ్లు సహించలేదు, అదే ఏడు వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇక్కడి ఇళ్ల కప్పులను పైనుంచి చూస్తూ వేసిన చిత్రాలు మాత్రం ఎన్నో. 1993లో పాత బీరు కర్మాగారంలో ఆయన పేరిట కళాకేంద్రం తెరిచారు. ఆయన ప్రసిద్ధ చిత్రాల అసళ్లు ఎక్కువగా వియన్నాలో ఉన్నాయి, ఇక్కడ వాటిని ఆశించి వెళ్లకండి.

శాకాహారులకు ఏం దొరుకుతుంది?

వేయించిన చీజ్ బిళ్ల, బంగాళాదుంప అట్టు, పండ్లు కూరిన ఉండలు. అట్టులో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పందిమాంసం ముక్కలూ వేస్తారు. కూరగాయల సూపు అని రాసి ఉన్నా అది మాంసం ఉడికించిన నీళ్లతో చేసింది కావచ్చు. "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా అని. అయినా సూపు నీళ్ల సంగతి విడిగా అడగాల్సిందే.

ఊళ్లో అసలు మనుషులు ఉంటున్నారా, అంతా హోటళ్లేనా?

పాత ఊళ్లో నివాసం ఉండేవాళ్లు చాలా తగ్గిపోయారు. ఎక్కువ ఇళ్లు గదుల అద్దెకు, దుకాణాలకు వెళ్లాయి. కిరాణా కొట్టు, బడి బయటి పేటల్లో ఉన్నాయి. 2018లో కతేర్జినా షెదా అనే కళాకారిణి ఈ సంగతి లోకం ముందు పెట్టింది. కొందరికి జీతం ఇచ్చి, వేసవిలో ఊరి మధ్య మామూలు జీవితం గడపమంది: కిటికీలు తుడవడం, పిల్లలను ఆడించడం, అరుగు మీద మాట్లాడుకోవడం. మరుసటి ఏడాది పట్టణం టూరిస్టు బస్సులకు రుసుము, ముందస్తు నమోదు పెట్టింది. మీ వంతుగా చేయగలిగింది, రాత్రి ఉండటం, ఊరివాళ్లు నడిపే చోట తినడం, రాత్రిపూట సందుల్లో గట్టిగా మాట్లాడకపోవడం.

నదిలో పడవ ఎక్కొచ్చా? ఈత రాదు.

మే నుంచి సెప్టెంబర్ దాకా ఎక్కొచ్చు. అద్దెకిచ్చేవాళ్లు లైఫ్ జాకెట్ ఇస్తారు, ఒడ్డు దాటేముందే బిగించుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు పొడవు కానోల కంటే గాలి నింపిన రాఫ్ట్ మేలు, అంత తేలిగ్గా తిరగబడదు. ఊరి గుండా వెళ్తే అడ్డుకట్టలు వస్తాయి. వాటి పక్కన పడవలు జారడానికి చెక్కతో కట్టిన దారులుంటాయి. తిరగబడేవి ఎక్కువగా అక్కడ పడవ అడ్డం తిరిగినప్పుడే. ముక్కు తిన్నగా పెట్టి, దిగేదాకా తెడ్డు వేస్తూనే ఉండాలి. భయపడి తెడ్డు ఎత్తేస్తే నీరు పడవను పక్కకు తిప్పేస్తుంది. అడ్డుకట్ట మీదుగా మాత్రం ఎప్పుడూ దూకించకండి, దాని కింద నీరు సుడి తిరిగి మనిషిని లోపలే పట్టేస్తుంది. అనుమానం ఉంటే ఒడ్డున దిగి పడవ మోసుకుపోండి.

ఊరి నుంచి జ్లతా కొరునా మఠం దాకా సుమారు 15 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటల ప్రయాణం. పెద్ద వానలు పడ్డాక నీరు గోధుమరంగుకు తిరిగితే ఆ రోజు మానేయండి. ఎగువన లిప్నో జలాశయం ఉన్నా 2002 ఆగస్టు వరదలో ఊరి కింది ఇళ్లన్నీ మునిగాయి.